చైర్మన్ గారి సగం ఓటు

ఒక నిండు మనిషిని పట్టుకుని తూకపు ముల్లుగా మార్చిన పాపం మీదే. పెద్దల సభలో మెత్తటి కుర్చీల్లో కూచుని బల్లలు చరిచే పెద్దలారా, మీతోనే మాట్లాడుతున్నాను. పక్కవాడి వంక చూడకండి. వాడూ మీవాడే.

సుడిగెడ్డలో జరిగిందంతా మీ చేతుల మీదుగా జరిగింది. ఎలా జరిగిందో వరసగా చెబుతాను. చెప్పకపోతే మీకు తెలీదు, ఎందుకంటే జరుగుతున్నప్పుడు మీలో చాలామంది క్యాంటీన్లో ఉన్నారు.

సుడిగెడ్డ అంటే కొండ మీంచి దూకి వచ్చే వాగు. మా వైపు వాగుని గెడ్డ అంటాం. గెడ్డకి ఇవతల మా ఊరు ఈతమానువలస. అవతల రాయిపాడు సంత. మేం పండించేది అనాస. అనాసకాయ చూడ్డానికి ముళ్ళతో మొండిగా కనిపిస్తుంది గానీ, కోశాక ఎక్కువ రోజులు ఆగదు. కాయ పండేదీ వానల్లోనే, గెడ్డ పొంగేదీ వానల్లోనే. సంతకి చేరని కాయ గట్టు మీదే పులిసిపోతుంది. ఊరు ఊరంతా కష్టపడేది ఈగల పండక్కి.

ఒక్క వంతెన కావాలన్నాం. గెడ్డ రెండు రాష్ట్రాల నడుమ పారుతుంది కనక ఇవతలి సర్కారు అవతలి సర్కారుని అడగమంది. అవతలి సర్కారు ఇవతలి సర్కారుని అడగమంది. చివరికి ఇద్దరికీ ఒక్క విషయంలో మాట కలిసింది, దేశం మొత్తానికి చట్టం కావాలని. సరే, చట్టమే చెయ్యండన్నాం. కింది సభ ఏదో గోలలో ఆ బిల్లుని దాటించేసింది. బిల్లు మీ దగ్గరికొచ్చింది. మీ దగ్గర చైర్మన్ కుర్చీలో ఉపరాష్ట్రపతి మృత్యుంజయరావు గారున్నారు.

ఉపరాష్ట్రపతి అంటే ఎవరని మా తవిటమ్మ అడిగింది. మా వంతెన సాధన సంఘంలో నా తర్వాత మనిషి తవిటమ్మ. ఊళ్ళో అందరికంటే పెద్ద తోట ఆమెది. నోరు తోటకంటే పెద్దది.

"రాష్ట్రపతికేటైనా అయితే ఆ కుర్సీ ఎక్కీవోడే" అన్నాను.

"ఏటీ అవకపోతే?"

"పెద్దల సభకి సైర్మనుగా ఉంటాడు."

"అక్కడేటి సేస్తాడు?"

"కూకుంటాడు. ఎవులెప్పుడు మాటాడాలో సెప్తాడు. తాను మాత్రం మాటాడకూడదు. ఓటు ఎయ్యకూడదు. అటూ ఇటూ ఓట్లు సమానమైపోతే అప్పుడు తన ఒక్క ఓటూ ఏసి తేల్చాల."

తవిటమ్మ ఆలోచించింది. "అయితే తోడుపెళ్ళికొడుకన్నమాట గవరక్కా. అసలు పెళ్ళికొడుకు కులాసాగా ఉన్నన్నాళ్ళూ పక్కన కూకుని కిళ్ళీ నమలాల."

ఇంతకంటే బాగా మీ రాజ్యాంగ పండితులు చెప్పగలరేమో చెప్పమనండి, వింటాను.

మృత్యుంజయరావు గారు మొదట్నుంచీ ఇలాంటి మనిషి కాదు. ఆయన నవ్వితే వీధి చివర కుక్కలు మొరిగేవట. ఎవరితోనైనా వాదన పెట్టుకుంటే అన్నం చల్లారిపోయినా లేచేవాడు కాదట. అలాంటి మనిషి చైర్మన్ కుర్చీలో కూచున్న మొదటి రోజున పాలక పక్షం సభ్యుడెవరో ఒక జోకు వేశాడు. ఆయన నవ్వాడు. అంతే. ప్రతిపక్షం లేచి నిలబడింది. చైర్మన్ గారి పళ్ళు ఒక పక్షానికే కనిపించాయని, ఇది ప్రజాస్వామ్యానికి చీకటి రోజని కేకలేసి బయటికి నడిచింది.

మీరు వెంటనే తటస్థతా సంఘం వేశారు. దానికి సభ ప్రధాన కార్యదర్శి దక్షిణామూర్తి గారిని పెద్దని చేశారు. దక్షిణామూర్తి గారు తుమ్మినా అందులో ఒక "కావున" ఉంటుంది. ఆయన మొదటి తీర్పు, బిల్లు వెంటపడి వచ్చిన నేను గ్యాలరీలో కూచుని విన్నాను.

"గౌరవనీయ అధ్యక్షుల వారు ఒక పక్షము వంక చూచి నవ్వినచో, అదే దినమున, అంతే వెడల్పుతో, రెండవ పక్షము వంక చూచి నవ్వవలెను. రెండవ పక్షము హాస్యము పలికినదా లేదా అనునది అప్రస్తుతము."

ఆ సాయంత్రం సభ ముగిసే ముందు చనిపోయిన ఒక మాజీ సభ్యుడికి సంతాపం పెట్టారు. సంతాపం చదువుతున్నది ప్రతిపక్ష నాయకుడు. ప్రతిపక్షానికి రావలసిన నవ్వు ఇంకా రాలేదు. పొద్దు వాలుతోంది. దక్షిణామూర్తి గారు చైర్మన్ చెవిలో ఏదో ఊదారు. చైర్మన్ గారు ఆ సంతాపం నడుమ ప్రతిపక్షం వైపు తిరిగి, పొద్దున్న ఎంత వెడల్పున నవ్వారో అంత వెడల్పునా నవ్వారు. పోయినాయన భార్య నా పక్కనే కూచుంది. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది.

మర్నాటినుంచి నవ్వు నిషేధించారు.

తర్వాత మెడ మీద పడ్డారు. చైర్మన్ గారి మెడ కుడివైపు ఎక్కువగా తిరుగుతోందని ఒక సభ్యుడు లేచి ఆరోపించాడు. ఆయనకి ఎడం భుజం నొప్పి అని డాక్టరు చెప్పాడు. డాక్టరు ఏ పక్షం వాడో తేల్చమన్నారు. చివరికి ఒక మోటారు కుర్చీ చేయించారు. అది ఒకే వేగంతో నెమ్మదిగా చుట్టూ తిరుగుతూ ఉంటుంది. కాసేపు పాలక పక్షానికి, కాసేపు ప్రతిపక్షానికి ముఖం, మిగతా సేపు గోడకి. గోడ వైపు తిరిగినప్పుడు ఎవరు మాట్లాడినా ఆయన వీపుకే మాట్లాడాలి. వీపులో మాత్రం ఏ పక్షపాతమూ కనిపించలేదని సంఘం సంతృప్తి ప్రకటించింది.

మేం వినతిపత్రం ఇవ్వడానికి ఆయన బంగళాకి వెళ్ళాం. తవిటమ్మ మంచి కాయలు ఏరి బుట్టలో తెచ్చింది. వరండాలో మృత్యుంజయరావు గారు నిటారుగా కూచుని ఉన్నారు. ముఖం ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది.

"బాబూ, కాయ తినండి. మా తోటలోది" అంది తవిటమ్మ.

"గెడ్డకి ఒక ఒడ్డు కాయ స్వీకరించి రెండవ ఒడ్డు కాయ స్వీకరించకపోవడం సమంజసమా అన్నది పరిశీలించాలి" అన్నారాయన.

"ఆ ఒడ్డున అనాస ఎయ్యరు బాబూ. సంతే ఉంది."

"అయితే స్వీకరించే వీలు లేదు."

ఆయన భార్య సుభద్రమ్మ గారు మమ్మల్ని వంటింట్లోకి తీసుకెళ్ళి తలుపు వేసింది. కాఫీ ఇస్తూనే మొదలెట్టింది.

"పెళ్ళైన కొత్తలో వంకాయ కూరలో కారం చాల్లేదని కంచం తోసేసిన మనిషమ్మా. ఏడ్చాను అప్పుడు. ఇప్పుడు ఉప్పు ఎక్కువైందా అండీ అంటే 'ఉభయ పక్షాల వాదనలూ నమోదయ్యాయి' అంటున్నారు. నిన్న పొద్దున చట్నీ కావాలా సాంబారు కావాలా అని అడిగాను. ఇడ్లీ చల్లారిపోయే దాకా రెండు గిన్నెల వంకా చూసి, ఉత్త ఇడ్లీ తిని లేచిపోయారు."

"మా వంతెన మాటేటి తల్లీ?" అన్నాను. "ఓట్లు సమానంగా పడతాయంటన్నారు. ఆయనే తేల్చాలట."

"ఆయనా? తేల్చడమా?" ఆవిడ కాఫీ గిన్నె దించేసింది. "మొన్న ఇంట్లో పాము దూరింది. చంపమంటారా వదిలెయ్యమంటారా అని తోటమాలి అడిగితే, పాముకి కూడా మాట్లాడే అవకాశం ఇవ్వాలన్నారు!"

తవిటమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుంటూ నా వంక చూసింది. "గవరక్కా, మన వంతెన ములిగిపోనాది."

నేను ఒప్పుకోలేదు. మనిషన్నవాడు ఎంత ఎండిపోయినా అడిగితే అవునో కాదో అంటాడనుకున్నాను. మీ పనితనం మీద నాకప్పటికి సరైన అంచనా లేదు.

ఓటింగు రోజున గ్యాలరీలో ముందు వరసలో కూచున్నాం. చర్చలో ఒక్కడంటే ఒక్కడు వంతెన వద్దనలేదు. పాలక పక్షం వంతెన ప్రగతికి చిహ్నమంది. ప్రతిపక్షం కూడా వంతెన ప్రగతికి చిహ్నమే గానీ, ఆ చిహ్నాన్ని పాలక పక్షం ప్రతిపాదించింది కనక తాము వ్యతిరేకిస్తామంది. గంట మోగింది. ఓట్లు లెక్కపెట్టారు. అటూ ఇటూ సమానం.

సభ మొత్తం చైర్మన్ కుర్చీ వంక తిరిగింది. కుర్చీ అప్పుడే గోడ వైపు తిరిగింది. మోటారుని మధ్యలో ఆపితే ఆపిన చోటు ఏ పక్షానికి దగ్గరో తేల్చాలి కనక ఆపడానికి వీల్లేదు. దేశం మొత్తం ఒక మనిషి వీపు వంక చూస్తూ కూచుంది. ఎవరో దగ్గారు. కుర్చీ మెల్లిగా తిరిగి వచ్చింది. ముందు ఒక చెవి, తర్వాత ముక్కు, తర్వాత మృత్యుంజయరావు గారు.

ఆయన నోరు తెరిచారు. ఆ క్షణంలో ఆయన ముఖంలో ఏదో కదిలింది. నేను చూశాను. తవిటమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడు దక్షిణామూర్తి గారు లేచారు.

"అధ్యక్షుల వారు ఓటు వేసినచో తటస్థతకు భంగము. వేయనిచో రాజ్యాంగ విధికి భంగము. ఇట్టి ధర్మసంకటమున, ఓటును రెండు సమభాగములుగా విభజించి, ఒక భాగము అనుకూలముగాను, ఒక భాగము ప్రతికూలముగాను వేయుట ఉత్తమ సంప్రదాయమగును. కావున..."

చైర్మన్ గారి నోరు మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది.

"సగం అవును. సగం కాదు."

మీరు బల్లలు చరిచారు. రెండు వైపులా చరిచారు! గెలిచామని పాలక పక్షం మిఠాయి పంచింది. ఓడించామని ప్రతిపక్షం అదే మిఠాయి తింది. బిల్లు సగం నెగ్గింది.

సగం వంతెన అంటే ఎలా ఉంటుందో చూపించడానికి ఇంజనీరు కూర్మారావు గారు మా ఊరొచ్చారు. చెడ్డవాడేం కాదు. ఎండలో గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడి, నేల చూపులు చూస్తూ మాట్లాడాడు.

"పైనుంచి ఆర్డరేటంటే, సగమే కట్టాల."

"సరే బాబూ" అంది తవిటమ్మ. "మా గట్టునుంచి మొదలెట్టండి. అక్కణ్ణుంచి ఈదుకుంటాం."

"అలాగ కుదరదమ్మా. మీ గట్టునుంచి మొదలెడితే మీ గట్టుకి పక్షపాతం సేసినట్టు. అవతల గట్టునుంచి మొదలెడితే ఆళ్ళకి సేసినట్టు."

"మరెక్కడ్నుంచి మొదలెడతారు?"

కూర్మారావు గారు గొడుగు కొన గెడ్డ నడుమకి చూపించాడు.

అందరం అటు చూశాం. అక్కడ గెడ్డ సుళ్ళు తిరుగుతోంది.

"మద్దెన కడితే దానిమీదికి ఎలాగ ఎక్కుతాం బాబూ?" అంది తవిటమ్మ.

"ఎక్కడం రెండో దశమ్మా."

"మొదటి దశ ఏటి?"

"మొదటి దశలో వంతెన ఉంటాది."

"ఉండి ఏటి సేస్తాది?"

"ఉంటాదమ్మా" అన్నాడు కూర్మారావు గారు, గొడుగు ముఖానికి అడ్డం పెట్టుకుని. "నన్నేటి సెయ్యమంటావు? నాకూ ఉజ్జోగం ఉంది, పిల్లలున్నారు."

కట్టారు. నేను అబద్ధం చెప్పడం లేదు, వచ్చి చూసుకోండి. గెడ్డ నడుమ దిట్టమైన స్తంభాల మీద, అటు గట్టుకీ ఆనకుండా ఇటు గట్టుకీ ఆనకుండా, నున్నటి సిమెంటు వంతెన. రెండు పక్కలా రెయిలింగు. వేగం తగ్గించమని బోర్డు. కొంగలకి ఇంత మంచి వంతెన ఈ దేశంలో ఇంకెక్కడా లేదు.

ప్రారంభానికి ఉపరాష్ట్రపతి గారే వచ్చారు. వానలు అప్పుడే పట్టుకున్నాయి. ఆయన్ని పడవలో తీసుకొచ్చి, నిచ్చెన వేసి వంతెన మీదికి ఎక్కించారు. సుభద్రమ్మ గారు మా గట్టు మీద గొడుగు కింద నిలబడింది. చైర్మన్ గారు వంతెనకి సరిగ్గా నడుమ రిబ్బను కత్తిరించారు. ముక్కల్లో ఒకటి కాస్త పొడుగు వచ్చిందని దక్షిణామూర్తి గారు దాన్ని మళ్ళీ కత్తిరించారు. ఉపన్యాసాలయ్యాయి. ఫోటోల వాళ్ళూ అధికారులూ వచ్చిన పడవలోనే తిరిగి వెళ్ళారు. చైర్మన్ గారి కోసం పడవ మళ్ళీ రావాలి. సర్కారు పడవ కదా, ఇంజను ఆగిపోయింది.

పైన కొండల్లో వాన దంచింది. గెడ్డ ఎర్రబడింది. నీళ్ళు స్తంభాలని తన్నడం మొదలెట్టాయి. గట్లు రెండూ కంగారు పడ్డాయి. మా గట్టునుంచి తవిటమ్మ, ఆమె మరిది దాలయ్య నాటుపడవ వేసుకుని వెళ్ళారు. అవతల గట్టునుంచి సంత వాళ్ళ పడవ వచ్చింది. రెండూ ఒకేసారి వంతెన కిందికి చేరాయి.

"దిగిపో బాబూ, దిగిపో!" అని దాలయ్య అరిచాడు.

"ఇటు రండి సారూ, ఇటు రండి!" అని సంత వాళ్ళు అరిచారు.

చైర్మన్ గారు నిచ్చెన చివర నిలబడి రెండు పడవల వంకా చూశారు. ఇడ్లీ ముందు రెండు గిన్నెల వంక ఎలా చూశారో అలాగ.

గట్టు మీంచి మైకులో దక్షిణామూర్తి గారి గొంతు వినిపించింది. "ఏ ఒక్క పడవ ఎక్కినను పక్షపాతమగును. కావున, రెండు పడవలను చేరువగా నిలిపి, ఒక్కొక్క దానియందు ఒక్కొక్క పాదము మోపి ప్రయాణించవలసినదిగా సవినయ మనవి!"

"ఓరి నీ మైకు కాల!" అని సుభద్రమ్మ గారు అరిచింది. అంత పెద్దావిడ నోట ఆ మాట విని మా ఊరి ఆడవాళ్ళు ఆనందంతో ఈలలేశారు.

ఆయన పెట్టాడండీ. రెండు పడవల్లో రెండు కాళ్ళూ పెట్టాడు. చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి, రెండు పడవల్లో కాళ్ళు పెట్టకూడదని. ఆయనకీ తెలుసు. ఆయనకి తెలిసిందల్లా మీరు మరిపించారు. అల వచ్చింది. దాలయ్య పడవ ఇటు జరిగింది, సంత పడవ అటు జరిగింది. దేశపు రెండో పెద్ద మనిషి నడుమ కాళ్ళు బార్లా చాపి, ఇంకా చాపి, ఇంక చాపలేక, గెడ్డలో పడ్డాడు.

తవిటమ్మ వంగి ఆయన జుట్టు దొరకబుచ్చుకుంది.

"పట్టుకో! వదలకు! వదిలేవంటే చంపేస్తా!" అని ఆయన గట్టిగా అరిచాడు. ఆ అరుపుకి గట్టు మీద కుక్కలు మొరిగాయి.

సుభద్రమ్మ గారు నా భుజం పట్టుకుని ఊపేసింది. "విన్నావా గవరమ్మా? వదలొద్దన్నారు! అటూ ఇటూ కాకుండా ఒకే మాటన్నారు!"

పడవలోకి లాగారు. ఒళ్ళంతా బురద, చలికి పళ్ళు కొట్టుకుంటున్నాయి. తవిటమ్మ సంతకని పడవలో వేసుకున్న ఓ కాయ చెక్కు తీసి ముక్క నోట్లో పెట్టింది. ఆయన నమిలాడు. కళ్ళు మూశాడు. ముఖం చిట్లించాడు.

"పుల్లగా ఉంది."

"ఏటీ?" తవిటమ్మ కత్తి పట్టుకునే లేచింది. "నా కాయ పుల్లగున్నాదా? నీ జుట్టు పట్టి లాక్కొచ్చింది ఈ మాటనిపించుకోడానికా?"

"పుల్లగా ఉంటే పుల్లగా ఉందనక ఏమంటాను? ఇంకో రెండు రోజులు ముగ్గాల్సిన కాయ!"

"ఈ గెడ్డ పొంగీ లోపల సంతకి సేర్చుకోవాలని ముగ్గకముందే కోసినాను. వొంతెనుంటే ముగ్గినాకే కోసీదాన్ని! ఎవులు కట్టనిచ్చినారు?"

వాదన గట్టు చేరేదాకా సాగింది. గట్టు చేరాక కూడా సాగింది. ఆయన పడవ దిగి, వెనక్కి తిరిగి, గెడ్డ నడుమ నిలబడ్డ ఆ సిమెంటు ముక్కని మొదటిసారి చూసినట్టు చూశాడు.

"ఈ వంతెన కట్టినవాడెవడు? బుద్ధి లేదా వాడికి?"

"తమరే బాబూ" అంది తవిటమ్మ.

ఆయన మొహం మీది బురద తుడుచుకున్నాడు. "నాకే లేదు" అన్నాడు. "రెండు గట్లకీ ఆనించాలి. నా ఓటు అవును. నిండుగా అవును."

మా గట్టు అరిచింది. నీళ్ళ మీదుగా మాట చేరాక అవతల గట్టూ అరిచింది. దక్షిణామూర్తి గారు మాత్రం తడిసిన కాగితాలు దులుపుకుంటూ ముందుకొచ్చారు. పడవలో చెప్పిన ఓటు సభలో చెప్పిన ఓటు కాదన్నారు. పైగా, గౌరవనీయ అధ్యక్షుల వారికి ఒక ఫలము రుచి విషయమై నిశ్చితాభిప్రాయము కలిగినట్లు బహిరంగముగా రుజువైనందున, ఇకపై ఏ విషయమునందైనను వారి తటస్థత సందేహాస్పదమన్నారు.

ఆ తర్వాత మీరేం చేశారో మీకు గుర్తు చెయ్యక్కర్లేదు, అయినా చేస్తాను. ఆయన అభిప్రాయాలు చల్లారేదాకా బంగళాలోనే ఉండమన్నారు. సుభద్రమ్మ గారు ఫోను చేసింది. ఇంట్లో రోజూ కూర మీద గొడవేనట, మొన్న కంచం కూడా తోశారట, ఆవిడ సంతోషానికి పట్టపగ్గాలు లేవు. సభలో మాత్రం మోటారు కుర్చీ ఖాళీగా తిరుగుతోంది. మనిషి లేని కుర్చీ మనిషున్న కుర్చీకంటే తటస్థమని మీ సంఘం తేల్చింది. మీరు లేచి దానికే నమస్కారం పెడుతున్నారు. బిల్లు మళ్ళీ మీ ముందుకొస్తే ఓట్లు మళ్ళీ సమానమే పడతాయి. అప్పుడు ఆ ఖాళీ కుర్చీ వంక చూసి "మౌనం సగం అంగీకారం" అంటారు. మీ సంగతి నాకు తెలీదూ?

ఈ ఏడు కూడా కాయ గట్టు మీదే పోయింది. తవిటమ్మ పోయిన వారం సగం తోట కొట్టేసి జీడిమొక్కలు వేసింది. జీడిపిక్క కుళ్ళదు కనక. మిగిలిన సగం తోటా కొట్టెయ్యడానికి కత్తి నూరి పెట్టుకుంది. వచ్చే వానల దాకా ఆగమని నేనే బతిమాలి ఆపాను. మీ మీద నమ్మకంతో కాదు. నా నోటి మీద నమ్మకంతో.

కాబట్టి వినండి. ఆ మోటారు పీకి పారెయ్యండి. మృత్యుంజయరావు గారిని తీసుకొచ్చి కదలని కుర్చీలో కూచోబెట్టండి. మా బిల్లు మళ్ళీ పెట్టండి. సమానమైతే ఆయన్ని అడగండి, ఆయన చెప్పేదాకా ఆ కార్యదర్శి నోరు ఎవరైనా పట్టుకోండి. చైర్మన్ అవునంటే రెండు చివర్లూ వానలు రాకముందే గట్టుకి ఆనించండి. కాదంటే కాదని మా ముఖం మీద చెప్పండి. కాదన్నవాడితో ఎలా కొట్లాడాలో మాకు తెలుసు. పుట్టినప్పట్నుంచీ అదే పని. సగం అవునన్నవాడితో కొట్లాడే విద్య మాత్రం మాకు రాదు, నేర్చుకోం కూడా. అవునా, కాదా? చెప్పండి.